శంఖం లేని సముద్రం

ఆ రాయి నా చేతికి వచ్చేసరికి దానికి నల్లరేగడి ఇంకా అంటుకునే ఉంది. వికారాబాదు జిల్లా పరిగి వైపు ఊళ్లోంచి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితంలో చుట్టి తెచ్చింది. "సార్, మా చేన్ల దొరికింది. ట్రాక్టర్ దున్నుతుంటే పైకొచ్చింది. గిది అమ్మొనైటే గదా?" అంది. ఏదో పుస్తకంలో బొమ్మ చూసిందట. చుట్టలు చుట్టుకున్న రాయి ఏది కనబడినా అది పాతకాలపు సముద్రజీవి అని నమ్మేసింది.

నీళ్లలో కడిగి చూశాం. లేత బూడిదరంగు చెకుముకి రాయి. చాకు మొనతో గీస్తే గీత పడలేదు, చాకు ఇనుమే రాయి మీద మెరుపుగీతలా అంటుకుంది. రాతికి ఒక పక్కన బొటనవేలి కణుపంత చుట్ట. దాని కొన పైకి ఉండేలా పట్టుకుని తిప్పితే నోరు ఎడమవైపుకు తెరుచుకుని ఉంది. ఆ ఎడమవైపు నోరే దాని ఇంటిపేరు. మామూలు నత్తల్లో చాలావాటికి నోరు కుడివైపున ఉంటుంది. ఎడమ నోటి మంచినీటి నత్తల గోత్రం ఒకటుంది, పేరు ఫైసా. దక్కను రాళ్లలో దొరికే ఇలాంటి నత్తకు 1840లో సోవర్బీ 'ఫైసా ప్రిన్సెపై' అని పేరు పెట్టాడు. ఇటీవలి శాస్త్రజ్ఞులు దాన్ని 'ప్లాటీఫైసా' అనే కొత్త గోత్రంలోకి మార్చారు.

"కాదమ్మా, ఇది చెరువు నత్త" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ చిన్నబోయిన ముఖం కోసమే ఈ అధ్యాయం రాస్తున్నాను. వికారాబాదు చెరువు నత్త ఏ సముద్రపు అమ్మొనైట్‌కీ తీసిపోదని ఆ రోజు నేను సరిగా చెప్పలేకపోయాను.

ముందు తేడా చూద్దాం. నత్తగుల్ల చుట్టలు గోపురంలా ఒకదానిమీద ఒకటి పైకి లేస్తాయి. అమ్మొనైట్ అలా లేవదు. సంక్రాంతికి మనింట్లో గుడ్డ మీద చుట్టే సకినం చూడండి, చుట్టు పక్కన చుట్టు, అంతా ఒకే మట్టంలో ఉంటుంది. అమ్మొనైట్ చుట్టుకునేది అలాగే. పొట్టేలు కొమ్ములాగా ఉంటుంది గనుక, పొట్టేలు కొమ్ములున్న ఈజిప్టు దేవుడు ఆమున్ పేరు దానికి వచ్చింది.

అసలు తేడా లోపల ఉంది. నత్తగుల్లను కోస్తే మొదటి నుంచి చివరి దాకా ఒకటే బోలు. అమ్మొనైట్‌ను నిలువునా కోస్తే లోపల వరసగా గదులు. జీవి ఉండేది చివరి గదిలోనే. పెరిగినకొద్దీ ముందుకు జరిగి, వెనక ఒక అడ్డుగోడ కట్టుకుంటుంది. ఖాళీ అయిన గదులన్నిటినీ కలుపుతూ సన్నని గొట్టం ఒకటి పోతుంది. ఆ గొట్టం గదుల్లోని నీటిని లాగేస్తే వాటిలో గాలి నిండుతుంది, అలా జీవి నీళ్లలో మునిగిపోకుండా తేలుతుంది. స్క్విడ్, ఆక్టోపస్ దీనికి చుట్టాలు. అడ్డుగోడ గుల్లను తాకినచోట ఒక గీత ఏర్పడుతుంది, దాన్ని కుట్టుగీత అంటారు. తొలినాటి జీవుల్లో ఈ గీత మెల్లగా వంపు తిరిగినట్టుంటుంది. తర్వాతి కాలం అమ్మొనైట్లలో అది కొత్తిమీర ఆకు అంచులా ముడతలు ముడతలుగా, చిలవలు పలవలుగా మారింది. రాతి మీద ఆ కుట్టు కనబడిందంటే ఇక సందేహం లేదు. ఆ అమ్మాయి తెచ్చిన రాతిలో కుట్టూ లేదు, గదీ లేదు.

అమ్మొనైట్ల పెద్ద కుటుంబం సుమారు 41 కోట్ల ఏళ్ల క్రితం సముద్రాల్లో పుట్టింది, 6.6 కోట్ల ఏళ్ల క్రితం పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. మధ్యలో వేల జాతులు వచ్చాయి, పోయాయి. చాలా జాతులు పది లక్షల ఏళ్లు కూడా నిలవలేదు, ఉన్నంతకాలం మాత్రం దూరదూరపు సముద్రాలకు పాకాయి. అందుకే భూగర్భ శాస్త్రజ్ఞులకు అవి గడియారాలు. ఫలానా జాతి దొరికితే ఆ రాయి ఫలానా కాలానిదని చెప్పేయవచ్చు. ఇంగ్లండులో లైమ్ రీజిస్ తీరంలో మేరీ ఆనింగ్ వంటివాళ్లు 19వ శతాబ్దం మొదట్లో ఏరి అమ్మిన ఈ 'పాము రాళ్లే' తర్వాత ప్రపంచం మొత్తానికీ రాళ్ల పంచాంగం అయ్యాయి.

మరి మన దగ్గర? తాండూరులో కావలసినంత సున్నపురాయి ఉంది. సున్నపురాయి అంటే సముద్రమే కదా, ఆ సముద్రంలో అమ్మొనైట్ ఎందుకు లేదు?

దీనికి జవాబు కావాలంటే వికారాబాదులో తాండూరు వైపు వెళ్లే రైలెక్కాలి. వాడి–సికింద్రాబాదు లైను నిజాం కాలంలో, 1874లో మొదలైంది. వికారాబాదులో రైలెక్కినప్పుడు మన కాళ్ల కింద ఎర్ర మొరం, దాని కింద నల్లరాయి. అనంతగిరి గుట్టల ఎరుపంతా ఆ నల్లరాయి ఎండకూ వానకూ కుళ్లి మిగిలిన ఇనుపమట్టి, లేటరైట్. ధారూరు దాటి రైలు పీఠభూమి మీంచి దిగుతుంది. తాండూరు చేరేసరికి నల్లరాయి పోయి, కాగ్నా నది ఒడ్డున బూడిద నీలం, లేత పసుపు పలకరాళ్లు కనిపిస్తాయి. దూరం నలభై కిలోమీటర్లే. ఆ నలభై కిలోమీటర్లలో మనం 6.6 కోట్ల ఏళ్ల నుంచి, ఎంత తక్కువ లెక్క వేసుకున్నా 60 కోట్ల ఏళ్ల వెనక్కి దిగిపోతాం. నాకు తెలిసిన రైలు ప్రయాణాల్లో ఇంత లోతైనది మరొకటి లేదు.

తాండూరు నాపరాయి గనికి పోతే, రాయిని మొదట మనిషి చెయ్యి చీల్చిందా, ప్రకృతే చీల్చిపెట్టిందా అన్న అనుమానం వస్తుంది. పుస్తకంలో పేజీల్లా పొర మీద పొర. సందు చూసి పలుగు దూర్చి, నెమ్మదిగా పైకి లేపితే తలుపంత పలక ఊడివస్తుంది. ఆ పలకనే ఒక ఊళ్లో తాండూరు బండ అంటారు, మరో ఊళ్లో షాబాదు బండ అంటారు. కర్ణాటకలోని షాబాదూ తాండూరూ ఒకే రాతి పరుపు మీద కూర్చున్నాయి. భీమా నది పేరుతో ఆ పరుపును భీమా బేసిన్ అంటారు. తెలంగాణలో ఎన్ని ఇళ్లల్లో, ఎన్ని బడుల్లో, ఎన్ని రైల్వే ప్లాట్‌ఫారాల్లో మనం ఆ సముద్రం అడుగున నడిచామో లెక్కలేదు.

ఒక గనిలో పెద్దాయన ఒకరు పలుగు పక్కన పెట్టి, నేను భూతద్దంతో పలకలు చూస్తుంటే చాలాసేపు ఓపిగ్గా చూశాడు. తర్వాత అడిగాడు. "ఏం ఎతుకుతున్నరు సారు?"

"శంఖంలాంటిది, చుట్టలు చుట్టుకున్నది ఏదన్నా కనిపించిందా పెద్దాయనా, ఈ బండల్లో ఎప్పుడన్నా?"

"ముప్పై ఏండ్ల సంది తీస్తున్న. శంఖం లేదు, గవ్వ లేదు, శాపముల్లు సుత లేదు. గీ బండ శుద్ధమైన బండ సారు."

ముప్పై ఏళ్లు పొర తర్వాత పొర తిప్పి చూసిన మనిషి మాట అది. నేనే శిలాజ సర్వేక్షణ చేసినా ఇంతకన్నా ఎక్కువ పలకలు చూడలేను. ఆయన 'శుద్ధమైన' అన్నాడే, అందులోనే అసలు కథ ఉంది.

ఇవాళ్టి సముద్రాల్లో సున్నపురాయి చాలామటుకు గుల్లలతోనే తయారవుతుంది. గవ్వలు, పగడాలు, కంటికి కనబడనంత చిన్న జీవుల పెంకులు పేరుకుని గట్టిపడితే సున్నపురాయి అవుతుంది. కానీ తాండూరు రాయి పరుచుకున్న రోజుల్లో గుల్ల కట్టుకునే జంతువే భూమి మీద లేదు. మరి సున్నం ఎలా వచ్చింది? ఆ కాలపు సముద్రపు నీళ్లలో కాల్షియం, కార్బనేటు నిండుగా ఉండేవి. నీళ్లు లోతు తక్కువగా, వెచ్చగా ఉన్నచోట సూక్ష్మజీవులు, ముఖ్యంగా సయనోబాక్టీరియా, ఎండను తిని నీటిలోంచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకునేవి. అది తగ్గగానే సున్నం నీటిలో నిలవలేక సన్నని బురదగా అడుక్కి దిగేది. తాండూరు బండ ముక్కను పొడిచేసి నిమ్మకాయ పిండితే బుడగలు వస్తాయి. ఆ బుడగల్లో బయటపడే వాయువు ఆ పాత సముద్రం బిగించి పెట్టిన వాయువే. పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా చవకైన ప్రయోగం లేదు.

ఆ సముద్రంలో జీవం లేదని కాదు, చిన్నదిగా ఉండేది, అంతే. కర్ణాటక వైపు ఇదే భీమా బేసిన్ పలుచని మట్టిరాళ్లలో 'చువారియా' అనే శిలాజం దొరికింది. చూస్తే ఆవగింజంత, పెద్దదైతే కందిగింజంత నల్లని గుండ్రటి మచ్చ. ఏదో జీవి శరీరం కావచ్చు, నాచు ముద్ద కావచ్చు. ఎవరూ ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకోరు. కానీ తాండూరు సముద్రంలో పెద్దరికం అలాంటి వాటిదే.

ఇక్కడొకటి జాగ్రత్తగా చెప్పాలి. పొర విడదీసినప్పుడు బండ మీద ఒక్కోసారి నల్లగా ఆకుల్లా, నాచుమొక్కల్లా కొమ్మలు విచ్చుకుని కనిపించవచ్చు. చాలామంది దాన్ని మొక్క శిలాజం అనుకుంటారు. అది మొక్క కాదు. పొరల సందులోంచి ఇంకిన నీటిలోని మాంగనీసు, ఇనుము లవణాలు అలా చెట్టులా పేరుకుంటాయి. మంచు పట్టిన కిటికీ అద్దం మీద ఏర్పడే ఆకారాల్లాంటివి. అందంగా ఉంటాయి, దాచుకోండి. కానీ అట్టముక్క మీద 'ఆకు' అని రాయకండి.

తాండూరు బండ ఇంత చదునుగా, ఇంత చక్కగా పొరలుగా ఎందుకు విడిపోతుంది? దీనికి ఒక ముఖ్య కారణం పెద్దాయన మాటలోనే ఉందనుకుంటాను. ఇవాళ ఏ సముద్రం అడుగు చూసినా పురుగులు, పీతలు, గుల్లలు బురదను తవ్వుతూ, తింటూ, కలియదిప్పుతూ ఉంటాయి. ఒక ఏడాది దిగిన పొర మరుసటి ఏడాదికి కలిసిపోతుంది. దున్నిన చేను గుర్తుకు తెచ్చుకోండి. తాండూరు సముద్రాన్ని దున్నే జీవి ఇంకా పుట్టలేదు. ఒక రోజు దిగిన పల్చని బురద మర్నాటి బురద కింద చెక్కుచెదరకుండా ఉండిపోయింది. మన ఇంటి గచ్చు నునుపు అంతా ఆ తవ్వని సముద్రం మిగిల్చిపోయిందే. తాండూరులో అమ్మొనైట్ కోసం వెతకడమంటే తాతగారి పెళ్లి ఫొటోలో మనవణ్ణి వెతకడం.

పోనీ, తెలుగు నేల మీద అసలు అమ్మొనైట్లు లేవా? ఉన్నాయి, కోస్తాలో. ఒంగోలు పరిసరాల్లో బూదవాడ, వేమవరం రాళ్లలో, ఉమ్మడి పశ్చిమ గోదావరి మెట్టలోని రాఘవాపురం మట్టిరాయిలో. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1879లో, విలియం కింగ్ 1880లో భూగర్భ సర్వే తరఫున ఈ తీరపు రాళ్లను వివరించారు. 1933లో స్పాత్ అనే అమ్మొనైట్ పండితుడు ఇక్కడి నమూనా ఒకదానికి 'పాస్కోయిటిస్ బూదవాడెన్సిస్' అని పేరు పెట్టాడు. మన బూదవాడ పేరు ఆ విధంగా ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకెక్కింది. వేమవరం రాయిలో నాకు ఇష్టమైన సంగతి, తెల్లగా, సుద్దలా చీలే ఆ పలకల్లో సముద్రపు అమ్మొనైట్ ముద్ర పక్కనే నేల మీది మొక్కల ఆకులు కూడా దొరకడం. ఒడ్డు దగ్గర్లోనే ఉండేదన్నమాట. ఇవి సుమారు 12, 13 కోట్ల ఏళ్లనాటివి. భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోతుంటే మధ్యలోకి కొత్త సముద్రం వచ్చిన కాలం. ఆ సముద్రమే ఇవాళ బంగాళాఖాతం. అది తీరాన్ని తాకింది, వికారాబాదు దాకా రాలేదు.

వికారాబాదు జిల్లాలో ఒకచోట మాత్రం అమ్మొనైట్ ఉంది, రాళ్లలో కాదు, పూజగదుల్లో. నేపాల్‌లో కాళీగండకీ నది తెచ్చి పడేసే సాలగ్రామాలు, లోపల చక్రం ఉన్నవి, జురాసిక్ కాలం నాటి స్పితి మట్టిరాళ్లలోంచి వచ్చిన అమ్మొనైట్లే. జీవి చుట్టూ నల్లని బురద గట్టి ఉండలా పేరుకుంది, ఉండ పగిలితే అచ్చు బయటపడింది. భారతదేశం వచ్చి ఆసియాను గుద్దుకున్నప్పుడు మధ్యలో ఉన్న టెథిస్ సముద్రం అడుగు హిమాలయంగా పైకి లేచింది. ఆ సముద్రపు జీవి ముక్తినాథ్ దగ్గరి నదిలో రాయిగా దొరుకుతోంది. అనంతగిరి మీద పద్మనాభస్వామి గుడికి వచ్చే భక్తుల్లో కొందరి ఇళ్లల్లో తాతల నాటి సాలగ్రామం ఉంటుంది. ఇంటి పెద్దలు అనుమతిస్తే, భూతద్దంతో ఆ చక్రం అంచులు చూడండి. పక్కటెముకల్లా లేచిన గీతలు, అవి గుల్ల మీది మడతలు. దాన్ని తరతరాలుగా తులసి వేసి కాపాడుకున్నవాళ్లు ఎంత జాగ్రత్తగా దాచారో, నేను చూసిన ఏ మ్యూజియమూ అంత జాగ్రత్తగా దాచలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి నత్త దగ్గరికి వద్దాం.

6.6 కోట్ల ఏళ్ల క్రితానికి అటూ ఇటూగా దక్కను నేల చీలి లావా పొంగింది. ఒక్కసారి కాదు, విడతలు విడతలుగా. ఒక విడత చల్లారాక వందల, వేల ఏళ్లు విరామం. ఆ విరామంలో నల్లరాయి మీద గుంటల్లో నీళ్లు నిలిచేవి, చెరువులు అయ్యేవి. నాచు పెరిగేది, నత్తలు వచ్చేవి, చేపలు, కప్పలు, వాటి కోసం మొసళ్లు వచ్చేవి. మళ్లీ లావా వచ్చి అంతా కప్పేసేది. ఆ లావా నుంచి కరిగి వచ్చిన సిలికా చెరువు మట్టిలోకి ఇంకి, నత్తగుల్లలను చెకుముకిగా మార్చింది. అందుకే ఆ అమ్మాయి రాతి మీద చాకు గీత పడలేదు. రెండు నల్లరాతి పొరల మధ్య చిక్కుకుపోయిన ఈ చెరువుల్ని ఇంటర్‌ట్రాపియన్ పొరలు అంటారు. 1830లలో మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కంసన్ నిర్మల్ కొండల్లో ఇలాంటి నత్తల్నే ఏరాడు. నాగపూర్‌లో మిషనరీగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ జీవితాంతం ఏరాడు, 1863లో నది దాటుతూ మునిగి చనిపోయాడు.

పరిగి వైపే నస్కల్ అనే ఊరుంది. అక్కడి ఇంటర్‌ట్రాపియన్ మట్టిని శాస్త్రజ్ఞులు బస్తాలకు ఎత్తి, నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెడలతో కడిగారు. బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు, మిగిలిన ఇసుకను మైక్రోస్కోపు కింద ఒక్కొక్క గింజగా ఏరారు. ఆ ఇసుకలో మిల్లీమీటరు దాటీ దాటని పళ్లు దొరికాయి. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 'నేచర్' పత్రికలో వాటిని ప్రకటించారు. భారతదేశంలో దొరికిన మొట్టమొదటి క్రిటేషియస్ క్షీరదం అది. పేరు డెక్కనోలెస్టిస్ హిస్లోపి. పేరులో దక్కన్ ఉంది, మునిగిపోయిన హిస్లాప్ ఉన్నాడు. పురుగులు తినే చుంచు అంత జీవి. తర్వాత దొరికిన మడమ ఎముకల్ని బట్టి చెట్లెక్కేదని ప్రసాద్, గోడినో 1994లో చెప్పారు. అది క్షీరదాల చెట్టులో ఏ కొమ్మదన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది. 2022లో నస్కల్ నుంచి మరికొన్ని క్షీరదాల్ని వర్ణించారు, ఆ పొర వయసును కూడా పైనా కిందా ఉన్న లావాను పట్టి బిగించారు. పెద్ద ప్రళయానికి కొంచెం ముందరిది అది.

ఆ 'కొంచెం ముందు' దగ్గర ఆగండి. నస్కల్ చెరువులో ఆ చుంచులాంటిది నీళ్లు తాగుతున్న రోజుల్లో సముద్రాల్లో అమ్మొనైట్లు ఇంకా ఉన్నాయి. చివరివి. మెక్సికో దగ్గర చిక్సులూబ్‌లో ఉల్క పడ్డాక ఒక్కటి కూడా మిగల్లేదు. వాటి దూరపు చుట్టం నాటిలస్ మాత్రం బతికి, ఇవాళ కూడా పసిఫిక్‌లో ఈదుతోంది. ఎక్కువమంది చెప్పే కారణం పిల్లల్లో ఉంది. అమ్మొనైట్ గుడ్డు చిన్నది, అందులోంచి వచ్చిన చిట్టి పిల్ల పైనీళ్లలో తేలుతూ, అక్కడి సూక్ష్మజీవుల్ని తిని పెరిగేది. ఉల్క దెబ్బకు పైనీళ్లు చీకటై, పులిసిపోయి, ఆ తిండి పోయింది. నాటిలస్ కొద్ది గుడ్లే పెడుతుంది, అవి పెద్దవి, లోతున ఉంటాయి. పిల్ల పెద్దగానే పుడుతుంది. 34 కోట్ల ఏళ్లకు పైగా ఏలిన వంశం పసిపిల్లల ఆకలితో అంతమైంది.

వికారాబాదు జిల్లాలో అమ్మొనైట్ లేకపోవడానికి కారణం ఇక రెండు మాటల్లో చెప్పవచ్చు. తాండూరు సముద్రం అది పుట్టకముందుది. వికారాబాదు నల్లరాయి అది పోయేనాటిదే, కానీ అప్పుడు ఇక్కడ సముద్రం కాదు, నేల. దాని మొత్తం చరిత్ర ఈ రెండు స్టేషన్ల మధ్య పడిపోయింది.

శిలాజాలు ఏరాలనుకునే పిల్లలకు నేను చెప్పే ముఖ్యమైన మాట ఒకటే. రాయి ఎక్కడ దొరికిందో రాయకపోతే అది బరువు తప్ప మరేమీ కాదు. రైతును అడక్కుండా చేన్లోకి దిగొద్దు, గనిలో పెద్దవాళ్లు లేకుండా అడుగు పెట్టొద్దు. దొరికినదాన్ని సుత్తితో పగలగొట్టకుండా కాగితంలో చుట్టండి. ఎర్ర మొరంలో వెతికి సమయం పాడుచేసుకోవద్దు, అక్కడ శిలాజం మిగలదు. వానలు వెలిశాక, దున్నిన నల్లరేగడి అంచుల్లో, లేత రంగు చెకుముకి ముక్కల్ని చూడండి. 

నెల తర్వాత ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. అదే రాయి, ఈసారి అగ్గిపెట్టెలో పత్తి వేసి పెట్టింది. పెట్టె మీద చక్కని అక్షరాలతో రాసుకుంది: 'మా చేను, ఊరి పడమర, బాయి గట్టు. నల్లరాయి కింద. చెరువు నత్త, నోరు ఎడమకు. పక్కన ఇంకా ఆరు ఉన్నయి, తియ్యలే.'

ఆ 'తియ్యలే' చదివాక, ఆ ఆదివారం నేను బాయి గట్టు చూడటానికి పరిగి బస్సెక్కాను.